తెర వెనక కత్తెర

తెర వెనక కత్తెర ఆగి ఆగి నడుస్తోంది.

మాస్టరు మిషను తొక్కడం ఆపి చెవి ఒగ్గాడు. మునుపు ఆ కత్తెర అలా నడిచేది కాదు. బల్లకి ఈ అంచున అందుకుంటే ఆ అంచు దాకా ఒకటే చప్పుడు. గుడ్డ ఎంత దళసరిదైనా సరే, నీళ్ళ మీద పడవ పోయినట్టు పోయేది. ఆ చప్పుడు వింటూనే ఆయన సూదిలో దారం ఎక్కించుకునేవాడు, బాబిన్ చుట్టుకునేవాడు. ఇవాళ కోడిపిల్ల నూకలేరుకుంటున్నట్టుంది. ఒక టుక్కు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక టుక్కు.

"అయిందటే?" అన్నాడు తెరవైపు తిరక్కుండానే.

"ఆఁ, అవుతోంది. కంగారు పెట్టకండి."

"కంగారేముందిలే. ప్లీడరుగారు శుక్రవారం కదా వచ్చేది."

కత్తెర పూర్తిగా ఆగింది.

"ఏ ప్లీడరుగారండీ?" అంది తెర వెనక నుంచి ఆయన భార్య.

ఆ ప్లీడరు ఈ కొట్టుకి నల్లటి జుట్టుతో వచ్చాడు, ఇప్పుడు తెల్లటి జుట్టుతో వస్తున్నాడు. మధ్యలో వేసుకున్న ప్రతి కోటూ ఆ తెర వెనక కత్తిరించిందే.

"ఓహో, భుజం వాలిన ఆయన!" అంది కాసేపటికి తనే. ఆ మాటలో బరువు దింపుకున్నంత సంతోషం వినిపించింది. మాస్టరు మళ్ళీ మిషను తొక్కాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె బల్ల దగ్గర నిలబడటం ఇదే మొదలు. పేగుకి పట్టిన క్యాన్సర్ గడ్డని కోసి తీసేశారు. గడ్డ పోయింది, కుట్లు మానాయి, అన్నం సయిస్తోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా పళ్ళ సంచీ గుమ్మంలో పెట్టి "గండం గడిచింది, అదృష్టవంతురాలివి" అని వెళ్ళారు. గండం పోతూ పోతూ ఏం పట్టుకుపోయిందో ఒక్కరూ అడగలేదు. అడగడానికి అసలు అక్కడ ఏముండేదో తెలిస్తే కదా.

కొట్టు మీద పెద్ద అక్షరాలతో 'మాస్టర్ టైలర్స్' అని ఉంది. ఈ పనిలో మాస్టరంటే గుడ్డ కత్తిరించేవాడు. కుట్టేవాడు ఎంత చక్కగా కుట్టినా కుట్టేవాడే. ఈయన మెడలో టేపు వేసుకుని కొలతలు తీస్తాడు, తీస్తూ పైకే అంటాడు. "ఛాతీ నలభై. భుజం పద్దెనిమిది. చెయ్యి ఇరవై నాలుగున్నర." వచ్చినవాళ్ళు లోపల ఎవరో గుమాస్తా రాసుకుంటున్నాడనుకుంటారు. తెర అవతల ఆమె వింటుంది. రాసుకోదు. తెర సందులోంచి మనిషిని ఒక్క చూపు చూసి, అతను మెట్లు దిగాక సుద్దబిళ్ళ అందుకుంటుంది.

"ఆయన కుడి భుజం కిందికి వాలిందండీ. ఫైళ్ళు మోసీ మోసీ. మీ టేపుకది తెలీదు" అనేది. ఆమె కత్తిరించిన కోటు వేసుకుంటే ప్లీడరుగారి భుజాలు రెండూ సమంగా కనపడేవి. ఆ ఘనత బోర్డుకెక్కింది. మగవాళ్ళ కోటు ఆడమనిషి కత్తిరించిందని తెలిస్తే గుడ్డ వెనక్కి పట్టుకుపోతారని మొదట్లో భయం. తర్వాత భయం పోయింది. తెర మాత్రం ఉండిపోయింది.

"ఇదిగోండి, రెండు చేతులూ."

ఎడమచేత్తో పొట్ట అదుముకుని, కుడిచేత్తో నల్లగుడ్డ ముక్కలు పట్టుకుని ఆమె వచ్చింది. ముఖం చెమట పట్టి ఉంది. ఆ కోటు ఒళ్ళంతా ఆసుపత్రికి వెళ్ళకముందే కత్తిరించి పెట్టింది. చేతులు మాత్రం మిగిలాయి. అప్పుడు గుడ్డని మూటకట్టి "వచ్చాక చేస్తాలే, ఎక్కడికి పోతాను" అంది.

"వెళ్ళి పడుకో."

"చూడండి ఎలా వచ్చాయో."

"నువ్వు కత్తిరించింది నేను చూసేదేముందే. వెళ్ళు."

ఆమె లోపలికెళ్ళింది. మాస్టరు ముక్కలు జతపరిచాడు. కోటు చెయ్యి అంటే గొట్టం కాదు. పెద్ద ముక్క, చిన్న ముక్క కలిపి కుడితే మోచేతి దగ్గర మనిషి చెయ్యిలాగే కాస్త ముందుకు వంగాలి. ఒక చెయ్యి కుట్టాడు. చక్కగా వంగింది. రెండోది కుట్టాడు. అదీ చక్కగానే వంగింది. రెండూ పక్కపక్కన పెట్టాడు.

రెండూ ఒకే వైపుకి వంగాయి.

ఒకదాన్ని తిరగేశాడు. బోర్లించాడు. ఎన్ని పిల్లిమొగ్గలు వేయించినా అది ఎడమచెయ్యే. గుడ్డని మంచివైపు మంచివైపుకి తగిలేలా మడిచి కత్తిరిస్తే ఒకటి కుడి, ఒకటి ఎడమ వస్తాయి. మడవకుండా ఒకదాని తర్వాత ఒకటి కత్తిరిస్తే రెండూ ఒకే చేతివి వస్తాయి. పనిలోకి కొత్తగా వచ్చినవాడు ఒకసారి చేసి, నెత్తిన మొట్టికాయ తిని, జన్మలో మళ్ళీ చెయ్యని తప్పది. ఆమె ఆ ఒక్కసారి కూడా చెయ్యలేదు.

ఆయన ఆ రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆపరేషనుకి ముందురోజు మత్తు డాక్టరమ్మ గది గుర్తొచ్చింది. గుర్తురావడమేమిటి, అది ఎప్పుడు మర్చిపోయాడని.

చిన్న గది. బల్ల, కంప్యూటరు, బరువు చూసే మిషను. డాక్టరమ్మకి వాళ్ళ కూతురి వయసుంటుంది, ఉంటే. భార్య స్టూలు మీద కూర్చుంది, ఈయన వెనక నిలబడ్డాడు. డాక్టరమ్మ చెప్పిందంతా ఈయన ముఖంలోకి చూసి చెప్పింది.

"రెండు రకాలుగా నిద్రపుచ్చొచ్చండీ. గాలిలో కలిపి పీల్పించేది ఒకటి. పంపు పెట్టి నరంలోకి కొంచెం కొంచెం ఎక్కించేది ఒకటి. రెండూ మంచివే. కాస్త పెద్ద వయసువాళ్ళకి రెండోదానితో అయితే లేచాక తల తేటగా ఉంటుందని కొందరంటారు. తేడా ఏమీ లేదనేవాళ్ళూ ఉన్నారు. అయితే మా దగ్గర ఆ పంపు ఒక్కటే ఉంది, రేపు పెద్ద ఆపరేషన్లు రెండున్నాయి. ఈవిడ ఏం పని చేస్తారు? లెక్కలూ గట్రా, బుర్రతో చేసే పనేమైనా ఉందా?"

"ఏమీ లేదండీ. ఇంట్లోనే ఉంటుంది."

అబద్ధమాడుతున్నానని కూడా ఆయనకి తట్టలేదు. ఎవరడిగినా అదే మాట. బజార్లో అదే, చుట్టాల్లో అదే. బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేశాడు. భార్య కుడి బొటనవేలి మీద కత్తెర పట్టీ పట్టీ కాచిన కాయ ఉంది, పెసరగింజంత. ఎడమచేత్తో దాన్ని రుద్దుకుంది. నోరు తెరిచింది.

"ఏమ్మా, ఏమైనా చెప్తారా?" అంది డాక్టరమ్మ.

ఆమె తల వెనక్కి తిప్పి భర్తకేసి చూసింది. "ఏం లేదమ్మా" అంది.

పంపు ఇంకో ఆపరేషనుకి వెళ్ళింది, ఒక లెక్కల గుమాస్తాకి. మర్నాటి మర్నాడు అతను పక్క మంచం మీద దిళ్ళకానుకుని పేపర్లో గళ్ళనుడికట్టు నింపుతున్నాడు. ఈమె కళ్ళు తెరిచి, చాలాసేపు పైకప్పు చూసి, భర్త చొక్కా పట్టుకుని లాగింది. "తెర వెయ్యండి. ఎవరో చూస్తున్నారు" అంది. అక్కడ తెర లేదు.

"ఏం బావా, దీపం పెట్టకుండా ఏంటా కూర్చోవడం?"

మరదలు గుమ్మంలో చెప్పులు విడిచింది. భార్య చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది. ఆపరేషనైనప్పటి నుంచీ రెండుపూటలా వచ్చి వంట చేసి, వంటతోపాటు నాలుగు చీవాట్లు కూడా వండి వడ్డించి పోతోంది. స్విచ్చి వేసి, ఆయన ఒళ్ళోంచి కోటు చేతులు లాక్కుని, సరదాకి తన రెండు చేతులకీ తొడుక్కుంది. ఒకటి చక్కగా కూర్చుంది. రెండోది మోచేతి దగ్గర వెనక్కి తన్నింది.

"ఇదేం చోద్యం బావా! రెండు ఎడమచేతులున్న ప్లీడరు దొరికాడేంటి నీకు?" అని పకపకా నవ్వింది.

మాస్టరు నవ్వలేదు. ఆమె ఆయన ముఖం చూసింది, లోపలి గదివైపు చూసింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"అక్కేనా?"

"నెమ్మది. వింటుంది."

మరదలు చేతులు విప్పి, మడతపెట్టి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది, ఏదో నిద్రపోతున్న ప్రాణిని పెట్టినట్టు. "నిన్న పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. నీరసం అన్నావు. మొన్న నన్ను పట్టుకుని అమ్మ పేరుతో పిలిచింది. మందుల వేడి అన్నావు. ఇదేంటంటావు ఇప్పుడు?"

"చీకట్లో కత్తిరించింది. కళ్ళు..."

"కళ్ళు మూసుకుని కత్తిరించగలదు మా అక్క. సరే, గుడ్డ తెచ్చి నువ్వు కత్తిరించు."

మాస్టరు టేపుని వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుకుంటున్నాడు.

"రాదా?" అంది మరదలు. "ఒక్క చెయ్యి కూడా రాదా? అయ్యో నా రాత! ఊరందరూ మాస్టరూ మాస్టరూ అని పిలుస్తుంటే, పిలుపుకైనా కాస్త అబ్బుంటుందనుకున్నాను."

"ఊరుకోవే."

"ఊరుకున్నాం కాబట్టే ఇలా తగలడింది. డాక్టరమ్మ అడిగితే నువ్వేం చెప్పావో అక్క నాతో చెప్పింది."

మాస్టరు తలెత్తాడు. "ఏమంది?"

"ఏమంటుంది? 'మీ బావ హడావిడిలో ఉన్నాడు పాపం' అంది. నేనైతే ఆ కత్తెరతోనే నీ నాలిక తెగ్గోసేదాన్ని." కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయింది. కాసేపటికి గిన్నెలు గట్టిగా చప్పుడు చేశాయి.

మర్నాడు భార్య లేవకముందే మాస్టరు తెర దాటి లోపలికెళ్ళాడు. బల్ల మీద పాత దుప్పటి పరిచాడు. ఎడమచెయ్యిని దాని మీద పెట్టి చుట్టూ సుద్దతో గీశాడు. వంపు దగ్గర గీత పక్కకి పోయింది. కత్తెర ఎత్తాడు. అది ఆమె చేతికి అలవాటుపడ్డ కత్తెర, పిడి లోపల ఆమె వేళ్ళ మేరకి అరిగిపోయింది. ఆయన బొటనవేలు అందులో సరిగా దూరలేదు. అలాగే నొక్కాడు. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందని, భుజానికి కలిసే వంపు కాస్తా కుక్క కొరికినట్టు తయారైంది. ఇంకోసారి చేశాడు. మూడోసారి దుప్పటి అయిపోయింది. ముక్కల్ని మిషను కింద చెత్తబుట్టలో అడుక్కంటా కుక్కాడు.

బట్టల కొట్లో అదే నల్లగుడ్డ తీసుకుని, సందు చివరున్న పొట్టి మాస్టరు దగ్గరికి నడిచాడు. ఆ కొట్టు గడప ఆయన ఎన్నడూ తొక్కలేదు.

"ఇదేంటి గురువుగారూ, సూర్యుడు పడమట పొడిచాడా!" పొట్టి మాస్టరు పీట మీంచి లేచాడు. లేచినా పెద్ద తేడా రాలేదు. "కూర్చోండి, కూర్చోండి. ఒరేయ్, టీ!"

"టీ వద్దోయ్. మణికట్టు పట్టేసింది, కత్తెర పట్టలేకపోతున్నాను. కుడిచెయ్యి ఒక్కటి కత్తిరించి పెట్టు. ఇదిగో ఎడమది, చూసుకో."

"మీ పని నేను చెయ్యడమా? ఎంతమాట!" అతను ఎడమచెయ్యిని అందుకుని వెలుతురుకి పట్టాడు. "గురువుగారూ, మీరు తిట్టనంటే ఒకటి చెప్తాను. ఆ మధ్య మీ కొట్లో కుట్టిన పాత కోటు ఒకటి నా దగ్గరికి రిపేరుకొచ్చింది. బాగుచెయ్యాల్సింది జేబు. నేను మొత్తం విప్పేశాను. దొంగతనమే అనుకోండి. ఆ భుజం వంపు... నాకు నిద్రపట్టలేదండీ బాబూ. కాగితం మీద గీసుకున్నాను. అదిగో."

గోడకి పసుపుపచ్చబడిన కాగితం అంటించి ఉంది. మీద ఒక్కటే గీత. మెడ దగ్గర మొదలై, తొందరపడకుండా దిగి, చివర ఇష్టంలేనట్టు కొంచెం ఆగి, మలుపు తిరిగింది. మాస్టరుకి ఆ గీత తెలుసు. సుద్ద పట్టుకున్న చెయ్యీ తెలుసు, గీసేటప్పుడు కింది పెదవి పంటికింద పెట్టుకోవడం తెలుసు.

"పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు నా దగ్గర పనికొచ్చినవాళ్ళ చేత ముందది దిద్దిస్తాను" అన్నాడు పొట్టి మాస్టరు. "ఎలా పట్టారండీ ఆ వంపు?"

అదీ సందర్భం. కొట్లో వేరే మనిషి లేడు. వినేవాడు పనితెలిసినవాడు, నమ్మేవాడు. మాస్టరు నోరు తెరిచాడు.

"ఏదో... చెయ్యి తిరిగింది" అన్నాడు.

బయటికొచ్చాక తన నోటిని తనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. నాలిక కూడా కాలిలాంటిదే. అరిగిన దారి కనిపిస్తే అడక్కుండా అటే పోతుంది.

బుధవారం మధ్యాహ్నం చేతులు కోటుకి ఎక్కించాడు. లోపలి గుడ్డకి చేతికుట్టు వెయ్యాలి. "ఇటివ్వండి, అదైతే చేస్తాను" అని ఆమె కోటు ఒళ్ళోకి తీసుకుంది. సూది పని పోలేదు. కుట్లు చీమలబారులా సాగుతున్నాయి. కుడిచేతి దగ్గరికొచ్చాక సూది ఆగింది. బొటనవేలితో వెనక అతుకు వెంబడి భుజం నుంచి మణికట్టు దాకా ఒకసారి తడిమింది. మళ్ళీ కింది నుంచి పైకి తడిమింది.

"ఇదెవరు కత్తిరించారండీ?"

"నువ్వే."

"ఎవరండీ?"

మాస్టరు మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. "సందు చివరి పొట్టి మాస్టరు."

"బాగానే చేశాడు. మోచేతి దగ్గర కాస్త బెదిరాడు." దారం పంటితో తెంపింది. "నేను రెండూ ఎడమే కత్తిరించాను కదూ?"

"పోనిద్దూ. ఆ మాత్రం..."

"మడత పెట్టాలని తెలుసండీ." చాలా మామూలుగా చెబుతోంది, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు. "గుడ్డ ముందు నిలబడ్డాను. మడత పెట్టాలి అనుకున్నాను. ఎలా అనేది మాత్రం... చీకటిగదిలో స్విచ్చి కోసం గోడ తడుముతాం చూడండి. ఉంటుంది, అక్కడే ఉంటుంది, రోజూ వేసేదే. తడుముతూనే ఉన్నాను. ఇంతలో మీరు అయిందా అన్నారు. సరేలే అని కత్తిరించేశాను."

మాస్టరుకి ఏదో ఒకటి అనాలనిపించింది. నోటిదాకా వచ్చింది పాత మాటే, మింగేశాడు.

కోటు పని అయ్యాక ఆమె తెర వెనక్కి వెళ్ళింది. కత్తెరకి నూనె గుడ్డతో రెండువైపులా తుడిచింది. పాత చొక్కా ముక్కలో చుట్టి, తెచ్చి మిషను మీద, ఆయన ముందు పెట్టింది.

"మీ దగ్గరుంచండి. మాస్టరుగారి దగ్గర కత్తెర లేకపోతే ఏం బాగుంటుంది."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని ఆయన వెతుక్కున్నాడు.

గురువారం ఆసుపత్రిలో కోత కోసిన డాక్టరు పొట్ట నొక్కి చూసి, రిపోర్టులు తిరగేసి, "బ్రహ్మాండం! ఇక మీకు ఢోకా లేదు" అని ఇద్దరితోనూ చెయ్యి కలిపాడు. అక్కడితో పని అయిపోయింది. మాస్టరు మాత్రం ఇంటిదారి పట్టలేదు. రాత్రంతా మనసులో కుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ కుట్టుకున్న మాటొకటుంది. భార్య చెయ్యి పట్టుకుని వరండా చివర మత్తు డాక్టరమ్మ గది దాకా నడిపించాడు.

"ఇక్కడెందుకండీ మళ్ళీ?"

"రావే. ఒక్క నిమిషం."

డాక్టరమ్మ వాళ్ళని గుర్తుపట్టింది. మాస్టరు తడబడుతూ పాలు పొంగిపోవడం, పేర్లు మర్చిపోవడం చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది. ఈసారి కుర్చీ జరుపుకుని భార్యకి ఎదురుగా కూర్చుంది. "అమ్మా, వందలోంచి ఏడు తీసేస్తే?"

"తొంభై మూడు."

"అందులోంచి ఇంకో ఏడు?"

ఆమె పెదవులు కదిలాయి. నలభైలో నాలుగో వంతునీ, పద్దెనిమిదిలో సగాన్నీ, కుట్టుకి వదలాల్సిన అరంగుళాన్నీ నోరు కదపకుండా పట్టేసిన మనిషి. ఎడమచేతి వేళ్ళు విప్పింది, మూసింది. "తొంభై మూడే కదమ్మా" అంది నెమ్మదిగా.

"పర్లేదు, పర్లేదు. ఇదివరకు మీరేం పని చేసేవారు?"

ఈ ప్రశ్న కోసమే మాస్టరు వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ సవరించుకున్నంతలోనే భార్య చెప్పేసింది.

"ఏమీ లేదమ్మా. ఇంట్లోనే ఉంటాను."

"కాదు డాక్టరమ్మా!" ఆయన గొంతు గది బయట కూర్చున్నవాళ్ళు కూడా తొంగిచూసేంత లేచింది. "మా కొట్లో కటింగంతా ఈవిడదే. మొదట్నుంచీ. నేను మిషను తొక్కేవాణ్ణి. మాస్టరు ఈవిడ. ఆ రోజు మీరడిగితే నేను... అలవాటు... చెప్పి ఉంటే ఆ పంపు ఈవిడకి పెట్టేవారా?"

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది. "పెట్టేదాన్నేమో."

"పెట్టి ఉంటే ఇలా అయ్యేది కాదా?"

"అది నేను చెప్పలేనండీ. ఎవరూ చెప్పలేరు. పంపు పెట్టినవాళ్ళకీ కొందరికి ఇలా అవుతుంది. పెద్ద ఆపరేషను, వయసు, జబ్బు, అన్నీ కలిసి చేస్తాయి. కొన్ని నెలల్లో తేరుకునేవాళ్ళూ ఉన్నారు. కొందరికి..." ఆగింది. "అలా అని మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోకండి."

తప్పుంది అంటే మొయ్యొచ్చు. లేదంటే దించుకోవచ్చు. ఉందో లేదో ఎవరికీ తెలియదంటే దాన్నేం చెయ్యాలో ఆయన ఎక్కడా నేర్చుకోలేదు.

"మా ఆయనకి వేళాకోళం ఎక్కువలే అమ్మా" అంది భార్య లేస్తూ. "వెళ్ళొస్తాం."

మెట్లు దిగేటప్పుడు ఆయన మోచెయ్యి పట్టుకుంది. చివరి మెట్టు మీద ఆయన ఆగిపోయాడు. "ఎందుకలా చెప్పావే? నేను చెప్దామనే కదా..."

"చేతులు కాలాక ఆకులెందుకండీ." ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అప్పుడు చెప్పుంటే నమ్మేవాళ్ళు. ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు? తొంభై మూడు దగ్గర ఆగిపోయిందాన్ని చూసి."

శుక్రవారం సాయంత్రం ప్లీడరుగారు వచ్చాడు. పాత కోటు విప్పి కుర్చీ మీద పడేసి, కొత్తది తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. చేతులు జడ్జీకి దణ్ణం పెట్టినట్టు పైకెత్తి దించాడు. భుజాలు రెండూ సమంగా ఉన్నాయి.

"నీ దుంపతెగ! మాస్టరూ, ముసలాణ్ణి పెళ్ళికొడుకుని చేశావయ్యా. ఈ భుజం ఉంది చూశావూ, ఇది కుట్టగలిగినవాడు ఈ ఊళ్ళో ఇంకోడు లేడు."

మాస్టరు పీట మీంచి లేచాడు. తెర సగం తీసి ఉంది. లోపల భార్య దీపం కింద కూర్చుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతోంది.

"అయ్యా, ఒక మాట. అది నాది కాదు."

"ఏది?"

"ఆ భుజం. మీరిన్నాళ్ళూ వేసుకున్న కోట్లన్నీ. కత్తిరించింది మా ఆవిడ. నాకు కత్తెర పట్టడం రాదు. ఎప్పుడూ రాలేదు."

ప్లీడరుగారు అద్దంలోంచి ఆయన్ని చూశాడు. తర్వాత తెర లోపల గుండీలు కుడుతున్న బక్కచిక్కిన మనిషిని చూశాడు. సాక్షులు నిజం చెబుతున్నారో అబద్ధం చెబుతున్నారో చూసి చూసి పండిపోయిన కళ్ళు మెల్లగా చెమ్మగిల్లాయి. వచ్చి మాస్టరు భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు.

"అర్థమైందయ్యా. మంచంపట్టి లేచిన పెళ్ళాం మనసు నిలబెట్టడానికి ఇన్నాళ్ళ పేరు తీసి ఆవిడ ఒళ్ళో పోస్తున్నావు. ఎంతమంది మొగుళ్ళు చేస్తారీ పని? కటింగే గొప్పదనుకున్నాను, మనసు కూడా పెద్దదే నీది."

"కాదండీ, నిజంగానే..."

"ఉండు, నాకు తెలుసులే. నేను కూడా అలాగే అంటాను." ఆయన తెరవైపు తిరిగి గొంతు పెంచాడు. "ఏమ్మా! కోటు అద్భుతంగా కత్తిరించావు తల్లీ!"

పసిపిల్ల పలక చూపిస్తే మెచ్చుకున్నట్టుంది ఆ గొంతు. ఇన్నేళ్ళకి ఆ గదిలో ఆమెకి అందిన మొదటి మెప్పు అది.

ఆమె సూది గుచ్చి, చొక్కా పక్కన పెట్టి, తెర దాటి కొట్లోకి వచ్చింది. జనం ఉండగా ఎప్పుడూ రాలేదు. ప్లీడరుగారి వెనక నిలబడి, కోటు భుజం మీద తెల్లదారప్పోగు ఒకటి కనిపిస్తే తీసింది. తీసిన చెయ్యి వెనక్కి రాలేదు. దానంతటదే జాన విప్పుకుంది. మెడ ఎముక దగ్గర బొటనవేలు ఆన్చి, చిటికెనవేలు భుజం అంచుకి చాచింది. వాలిన భుజం అది. ఎంత వాలిందో, ఎంత ఎత్తాలో ఆ చేతికి తెలుసు. పెదవులు కదిలాయి.

మాస్టరు మెడలో టేపు పట్టుకుని ఒక అడుగు ముందుకేశాడు.

పెదవులు ఇంకోసారి కదిలాయి. అంకె రాలేదు. ఆమె జాన ముడుచుకుని, వేళ్ళ మధ్య ఉండిపోయిన దారప్పోగుని చూసి, దాన్ని పమిట కొంగుకి తుడుచుకుంది.

"ఏదో, మీ అభిమానం బాబూ" అంది ప్లీడరుగారితో. లోపలికెళ్ళి తెర పూర్తిగా లాగేసుకుంది.

ప్లీడరుగారు ఇంకా ఏదో మెచ్చుకుంటున్నాడు. మాస్టరు పీట మీద కూర్చుని మిషను తొక్కడం మొదలుపెట్టాడు. గట్టిగా, ఆపకుండా తొక్కాడు. సూది లేస్తోంది, దిగుతోంది. కింద గుడ్డ లేదు.